దొరబాబు గారి నాలుక, జపాను కారు నూనె

దొరబాబు గారికి ఉన్న జబ్బు ఒక్కటే. లోకంలో ఏ వస్తువైనా సరే, నాలుక మీద పడేదాకా ఆయన నమ్మరు.

మండపేటలో ధాన్యం బ్రోకరన్నాక గింజ నోట్లో వేసుకోవడం అందరూ చేసే పనే. బస్తాలో గొట్టం గుచ్చి నాలుగు గింజలు లాగి పంటికింద కొరుకుతారు. టక్కుమని విరిగితే ఎండిన ధాన్యం, మెత్తగా నలిగితే తడి ధాన్యం. దొరబాబు గారు కొరికి చెప్పారంటే తేమ కొలిచే మిషను కూడా సిగ్గుపడి ఆయన చెప్పిన అంకే చూపించేదని మిల్లుల దగ్గర చెప్పుకునేవారు. అయితే ఆయన గింజ దగ్గర ఆగలేదు. ఇల్లు కట్టించినప్పుడు సిమెంటు చిటికెడు నాలుక మీద వేసుకున్నారు. గోడలకి రంగు వేయిస్తే వేలితో తాకి, నాకి, "రెండో కోటు పల్చనైందోయ్" అన్నారు. కొత్త నోటు నాలుకకి అద్ది అది ఏ ఊళ్ళో అచ్చయిందో చెప్పేవారని కూడా అంటారు గానీ అది చెప్పేవాళ్ళ కల్పన కావచ్చు. సిమెంటు మాత్రం నిజం. ఆ పూట ఆయన నోరు బిగిసిపోయి మాట పెగల్లేదనీ, మండపేటలో ధాన్యం బేరాలన్నీ చేతిసైగల మీద నడిచాయనీ లాజరు ఎవరి మీద ఒట్టు వేయమన్నా వేస్తాడు.

లాజరు జగన్నాథరావు గారి రైసుమిల్లులో డ్రైవరు. దొరబాబు గారు పొద్దున లేస్తే వచ్చేది ఆ మిల్లుకే. అందుచేత ఆయన నాలుక చేసిన ఘనకార్యాల్లో సగానికి సగం లాజరు కళ్ళెదుటే జరిగాయి.

పెద్దింట్లమ్మ పాల గొడవ అలాంటిదే. మిల్లు ఆఫీసుకి టీ పాలు పోసేది ఆవిడే. ఒకనాడు మేనేజరు గ్లాసు ఎత్తి వెలుతురుకి పెట్టి చూశాడు. ఆ మేనేజరు పేరు వీరవెంకటసత్యనారాయణ. యజమాని పిలవడం మొదలుపెట్టి పేరు పూర్తయ్యేలోపు ఆయన గోడౌను నుంచి నడిచి వచ్చేసేవాడు.

"ఇవి పాలా, కాలవ నీళ్ళా? రేపట్నుంచి నువ్వు రాకు," అన్నాడు మేనేజరు.

"చుక్క నీళ్ళు కలిపితే నా కళ్ళు పోతాయండి బాబూ," అంది పెద్దింట్లమ్మ.

అంతలో దొరబాబు గారు రానే వచ్చారు. గ్లాసు అందుకున్నారు. ఒక గుక్క నోట్లో పోసుకుని ఒక కన్ను మూశారు. ఎప్పుడూ ఒక కన్నే మూసేవారు. రెండూ మూస్తే రుచి తలకెక్కిపోతుందనీ, ఒకటి తెరిచి ఉంచితే నాలుక మీదే కూర్చుంటుందనీ ఆయన సిద్ధాంతం.

"నీళ్ళు కాదండి ఇవి. గేదె తడిగడ్డి తింది. ఈ ముసురులో గడ్డికి గడ్డి ఎంతో, నీళ్ళకి నీళ్ళు అంత. ఆ పాపం గేదెది కూడా కాదు, వానది."

"మరి వాన వెలిశాక?" అన్నాడు మేనేజరు అనుమానంగా.

"వాన వెలిశాక పాలు చిక్కబడతాయి. ఏమ్మా?"

"చిక్కబడతాయండి," అంది పెద్దింట్లమ్మ తలొంచుకుని. ఎవరూ ఊహించని విషయం ఏమిటంటే, నిజంగానే చిక్కబడ్డాయి. వాన వెలవక ముందే చిక్కబడ్డాయి.

ఆయుధపూజనాడు మిల్లులో భోజనాలు పెట్టినప్పుడు సాంబారులో ఉప్పు ఎక్కువైంది. ఎక్కువంటే అలా ఇలా కాదు, ఒక ముద్ద తిన్నవాడు రెండు చెంబుల నీళ్ళు తాగాడు. జగన్నాథరావు గారికి కోపమొచ్చింది. ఆయన మనసు వెన్నే గానీ, కోపం వస్తే ఎదుట ఉన్నవాడి ఉద్యోగం తీసేసేవారు. ఎదుట ఉన్నవాడు ఆ రోజు వంటమేస్త్రి. వాడు గరిటె పట్టుకుని బిక్కచచ్చిపోయి నిలబడ్డాడు. దొరబాబు గారు ఆకులోని సాంబారు వేలితో అద్దుకుని కన్ను మూశారు.

"ఉప్పు సాంబారులో లేదండి. ఆకులో ఉంది. ఎక్కడివీ ఆకులు?"

"రాజోలు అవతల నించి తెప్పించామండి," అన్నారెవరో.

"అదీ సంగతి. సముద్రపు గాలి కొట్టిన తోటవి. ఉప్పంతా ఆకుకి పట్టేసింది. కావలిస్తే చూసుకోండి."

పంక్తి పంక్తంతా ఆకులు నాకి చూసుకుంది. "అవునండోయ్!" అన్నారు మొదట కూర్చున్న పెద్దమనిషి. ఆయన అన్నాక కాదనే ధైర్యం ఎవరికుంటుంది? జగన్నాథరావు గారు కూడా తన ఆకు అంచు నాకి, తల ఊపి, మజ్జిగ వడ్డించమన్నారు. వంటమేస్త్రి గరిటె దించి కళ్ళు తుడుచుకున్నాడు. ఉల్లిపాయల ఘాటేమో అనుకున్నాడు లాజరు.

ఇక కారు సంగతి.

రొయ్యల చెరువులు బంగారం కాసిన రోజుల్లో భీమవరం ఆసామి ఒకాయన మద్రాసు నుంచి ఎర్రటి జపాను స్పోర్ట్సు కారు తెప్పించుకున్నాడు. తరవాత రొయ్యలకి తెగులొచ్చి చెరువులు ఎండిపోతే, ఆ కారు జగన్నాథరావు గారి షెడ్డుకి చేరింది. రెండే తలుపులు. పైకప్పు వెనక్కి మడిచేయొచ్చు. ముందు ఇద్దరు రాజాల్లా కూర్చోవచ్చు. వెనక సీటులో మాత్రం ఒక చంటిపిల్లాడూ ఒక టిఫిన్ క్యారియరూ పడతాయి. అప్పటికే దానికి వయసు మీద పడింది. అయినా పొద్దున్నే లాజరు దాన్ని తుడుస్తుంటే మిల్లు కూలీలు బస్తాలు దించి నిలబడి చూసేవారు. లాజరుకి ఇంట్లో భార్య మీద ఎంత ప్రేమో ఆ కారు మీద అంత ప్రేమ. ఆ సంగతి భార్యకి కూడా తెలుసు. కాకపోతే ఆవిడ "అంత" అని ఒప్పుకునేది కాదు, "అంతకంటే ఎక్కువ" అనేది.

ఆ కారుకి పవర్ స్టీరింగు ఉండేది. బానెట్ కింద ఒక మూల అరచేయంత ప్లాస్టిక్ డబ్బా, అందులో ఎర్రటి నూనె. ఆ నూనె బలం మీద చక్రం చిటికెనవేలితో తిరుగుతుంది. నూనె అయిపోయిందా, ఎద్దుల్లేని బండిని ఒక్కడే లాగినట్టు ఉంటుంది.

జగన్నాథరావు గారి అమ్మాయి దుర్గాశ్రీకి పెళ్ళి కుదిరింది. విడిదింటి నుంచి కల్యాణ మండపం దాకా పెళ్ళికొడుకుని ఆ కారులో, పైకప్పు తీసి, బ్యాండు మేళంతో ఊరేగించాలని జగన్నాథరావు గారు తీర్మానించారు. పెళ్ళికొడుకు మణిదీప్‌కి గుర్రం ఎక్కించినా అభ్యంతరం లేదు గానీ మామగారికి కారు మీదే మనసు. ముహూర్తం దగ్గర పడిన సమయంలో డబ్బా కారడం మొదలైంది. కారు కదిలిన చోటల్లా నేల మీద కుంకుమ చల్లినట్టు ఎర్రటి చుక్కలు.

ఆ రోజు లాజరు శుభలేఖలు పంచి ఒక్కడే కాలవగట్టు మీద వస్తున్నాడు. మలుపులో స్టీరింగు మూలిగింది. ఇంకో మలుపులో బిగుసుకుపోయింది. ఇంకొక్క మలుపు ఉంటే కారు, లాజరు, మిగిలిన శుభలేఖలు అన్నీ కాలవలోనే. చెమటలు కక్కుతూ ఎలాగో లాక్కొచ్చి, గట్టు దిగగానే ఉన్న తవుడు నూనె మిల్లు ముందు ఆపాడు. బానెట్ ఎత్తితే డబ్బాలో అడుగున చుక్క లేదు.

తవుడు నూనె మిల్లు కాపలావాడు చంద్రరావు, లాజరుకి ఎరిగినవాడే, బయటికొచ్చి చూశాడు.

"ఏమైంది లాజరూ?"

"నూనె అయిపోయింది. ఎర్ర నూనె. రాజమండ్రి వెళ్తే గానీ దొరకదు."

"ఎరుపైతే ఏంటి, పసుపైతే ఏంటి? జారడానికేగా. మన తవుడు నూనె కంటే జారేది లోకంలో ఉందా?" అంటూ చంద్రరావు ఒక తపేలాడు నూనె తెచ్చాడు.

మండపేటలో తవుడు నూనెతో జరగని పని లేదు. దీపం వెలుగుతుంది, తలుపు కిర్రు పోతుంది, బజ్జీ వేగుతుంది. లాజరు పోసేశాడు. స్టీరింగు వెన్నలా తిరిగింది. ప్రభువుకి స్తోత్రం చెప్పుకుంటూ ఇంటికి చేరాడు.

మర్నాడు పొద్దున షెడ్డు తలుపు తీసేసరికి కారు కింద మడుగు. బానెట్ ఎత్తితే డబ్బా మూత సందుల్లోంచి నురగ పొంగి, పొంగలి కుండలా ఉంది. స్టీరింగు తిప్పితే ఈనబోయే గేదెలా అరిచింది. ఆ అరుపుకి జగన్నాథరావు గారు పళ్ళు తోముకుంటూ వచ్చేశారు.

రాజమండ్రి రోడ్డులో షెడ్డున్న మెకానిక్ అబ్బుల్ని పిలిపించారు. అబ్బులు డబ్బాలో వేలు పెట్టి, తీసి, చూసి, "ఇందులో ఏదో వేరే నూనె కలిసిందండి," అన్నాడు.

"ఏ నూనె? ఎవరు కలిపారు?" జగన్నాథరావు గారి నోట్లో బ్రష్షు అలాగే ఉంది.

"అదెలా చెప్తామండి. నూనె మీద పేరు రాసి ఉండదు కదండీ."

"ఎవడో తేలాలి. మా అమ్మాయి పెళ్ళి కారు ఇది! తేలినవాడు ఈ మిల్లు గేటు మళ్ళీ తొక్కడు."

లాజరు నోరు విప్పబోయాడు. మళ్ళీ మూసుకుని, గుడ్డ తీసి కారు తలుపు తుడవడం మొదలుపెట్టాడు. ఆ మిల్లు తప్ప అతనికి వేరే పని తెలియదు. అంతకంటే, ఆ కారుని ఇంకెవడో తుడుస్తాడన్న ఆలోచనే అతను భరించలేకపోయాడు. ఆ ఇంకెవడో ఎవరో కూడా అతనికి తెలుసు. మేనేజరు బావమరిది ఒకడు డ్రైవింగు నేర్చుకుని ఖాళీగా ఉన్నాడు.

మేనేజరు గొంతు సవరించుకున్నాడు. "అబ్బులు చెప్పలేకపోతే ఏమండీ, దొరబాబు గారున్నారు. చుక్క నాలుక మీద వేస్తే చాలు. ఏ నూనో, ఎవరి చేతి నూనో కూడా చెప్పేస్తారు."

ఇక తన పని అయిపోయిందనుకున్నాడు లాజరు. జీవితమంతా వడ్లలో, తవుడులో పడి లేచిన మనిషి. ఆయన నాలుకకి తవుడు నూనె తెలియకపోవడమా!

దొరబాబు గారు స్కూటరు మీద వచ్చారు. వస్తూనే కుర్చీ అడిగారు, చెంబుడు నీళ్ళు అడిగారు, వెండి చెంచా అడిగారు. స్టీలు చెంచా అయితే రుచి మారిపోతుందట. నోరు పుక్కిలించారు. మిల్లు ఆపేసి కూలీలంతా షెడ్డు చుట్టూ చేరారు. అబ్బులు చెంచాలో నురగతో సహా నూనె పట్టించి ఇచ్చాడు.

"మీరు మరీనండి, అది కారు నూనె. నోట్లో పెట్టుకోకూడదు," అన్నాడు మొహమాటంగా.

"సిమెంటు తిన్నవాణ్ణోయ్ నేను," అని దొరబాబు గారు ఒక బొట్టు నాలుక కొసకి అంటించుకున్నారు. కన్ను మూశారు. రెండో కన్ను తీరిగ్గా షెడ్డంతా తిరిగింది. మేనేజరు మీద వాలింది, అబ్బులు మీద వాలింది, జగన్నాథరావు గారి బ్రష్షు మీద వాలింది, లాజరు మీద వాలి కాసేపు అక్కడే ఉంది. ఆ కాసేపట్లో లాజరు బైబిల్లో తనకి గుర్తున్న వాక్యాలన్నీ చదివేసి, గుర్తులేనివి కూడా సొంతంగా కల్పించుకున్నాడు.

దొరబాబు గారు ఉమ్మేసి మూతి తుడుచుకున్నారు.

"అసలు సిసలు జపాను నూనేనండి ఇది."

"మరి ఆ నురగేంటండీ?" అన్నాడు మేనేజరు.

"ముసలితనం. జపానులో మంచు కురిసే చోట పుట్టిన నూనె ఇది. మన ఉక్కలో ఇన్నేళ్ళు బతకడమే ఎక్కువ. నోట్లో పళ్ళూడిన ముసలాయన మాట్లాడితే నురగ రాదూ? అలాగే."

"తవుడు వాసనొస్తోంది కదండీ!"

లాజరు కళ్ళు మూసుకున్నాడు.

"రైసుమిల్లులో తవుడు వాసన రానిదేదో చూపించవయ్యా," అన్నారు దొరబాబు గారు నెమ్మదిగా. "నీ చొక్కా ఓసారి వాసన చూసుకో."

మేనేజరు కాలరు పట్టి లాగి వాసన చూసుకున్నాడు. మొహం మారింది. పక్కనున్న గుమాస్తా తన చేతులు చూసుకున్నాడు. కూలీలు ఒకరి తువ్వాలు ఒకరు చూసుకున్నారు. జగన్నాథరావు గారు కూడా ఎవరూ చూడకుండా పట్టులాల్చీ భుజం ముక్కు దగ్గరకి తెచ్చుకుని, "నిజమేనయ్యా, మా ఇంట్లో దేవుడి పటాలు కూడా తవుడు వాసనే వస్తాయి," అన్నారు.

"ఇందులో మనుషుల తప్పు లేదండి. డబ్బా తప్పు, వయసు తప్పు. పెళ్ళి కారు కదా, ముసలి నూనె బొట్టు మిగలకుండా తీయించేసి కొత్తది పోయించండి. అబ్బులూ, ఊరికే పైపైన కాదు. గొట్టాల్లో ఉన్నది కూడా కడిగేయాలి. తెలిసిందా?"

అబ్బులు ఆయన మొహంలోకీ, చెంచాలోకీ మార్చి మార్చి చూశాడు. "తెలిసిందండి," అన్నాడు. అతనికి ఎంత తెలిసిందో లాజరుకి తెలియలేదు.

ఆ మధ్యాహ్నమే పని మొదలైంది. అబ్బులు డబ్బా ఊడదీసి కడిగి, లోపలికి గాలి ఊది నీళ్ళలో ముంచాడు. కింద నూనె తిరిగి వచ్చే గొట్టం తగిలించే ముక్కు దగ్గర బుడగలు వచ్చాయి. వెంట్రుకంత పగులు. ఆ పగులు దగ్గరే అసలు కారుడు. దానికి తోడు తవుడు నూనె తగిలి రబ్బరు గొట్టం ఉబ్బి, నానిన అప్పడంలా మెత్తబడింది.

"కొత్త డబ్బా మద్రాసు నించి రావాలి. ఈలోపు పెళ్ళయిపోయి అమ్మాయి అత్తారింటికి కూడా వెళ్ళిపోతుంది," అన్నాడు అబ్బులు. పగులు ముక్కు కొసనే ఉంది కాబట్టి అంతమేరకు రంపంతో కోసేసి, అంచు ఉప్పుకాగితంతో నున్నగా రుద్దాడు. ముక్కు పొట్టిదైంది గానీ గొట్టం బిగించడానికి చాలినంత మిగిలింది. నూనెకి తట్టుకునే గొట్టం ట్రాక్టర్ల షాపులో దొరుకుతుందని సైకిలేసుకుని వెళ్ళాడు.

షెడ్డులో లాజరూ, కుర్చీలో దొరబాబు గారూ మిగిలారు. పని దగ్గరుండి చూస్తానని ఆయన ఉండిపోయారు. లాజరు కారు అద్దం తుడిచాడు. తుడిచిన అద్దమే మళ్ళీ తుడిచాడు. ఆఖరికి ఆయన కాళ్ళ దగ్గర గొంతుక్కూర్చున్నాడు.

"అయ్యగారూ, ఒక మాటండి. అది జపాను నూనె కాదండి. తవుడు నూనె. నేనే పోశానండి. గట్టు మీద బండి ఆగిపోతుందని భయమేసి... మీ నాలుక ఎప్పుడూ తప్పు చెప్పదు. నా పాపం వల్లే ఈసారి తప్పు చెప్పిందండి."

దొరబాబు గారు అటూ ఇటూ చూసి కుర్చీ దగ్గరికి జరుపుకున్నారు.

"నా నాలుక తప్పు చెప్పలేదోయ్. అసలేమీ చెప్పలేదు. అది మాట్లాడి ఏళ్ళయింది."

లాజరుకి అర్థం కాలేదు.

"లారీ మీద బస్తాలు చూస్తూ వెనక్కి పడ్డానే, గుర్తుందా? తల వెనక దెబ్బ. కాకినాడ ఆసుపత్రిలో లేచి చూసుకుంటే రుచీ లేదు, వాసనా లేదు. ఏవో నరాలన్నారు. కాఫీ అయినా ఒకటే, కాలవ నీళ్ళైనా ఒకటే."

"మరి ధాన్యమండీ?"

"ధాన్యానికి పళ్ళు చాలు. గింజ మాట్లాడేది పళ్ళతో, నాలుకతో కాదు."

"మరి పెద్దింట్లమ్మ పాలు? సాంబారు? అరిటాకులు?"

"అరిటాకులు మాత్రం బాగా కుదిరింది కదూ!" దొరబాబు గారి పొట్ట నవ్వుతో కదిలింది. "చూడు లాజరూ. పాల గ్లాసు నోట్లో పెట్టుకున్నప్పుడు నాకేం తెలియలేదు. ఏదో ఒకటి చెప్పాలి గదా అని ఒక కంటితో చూశాను. ఆవిడ చేతివేళ్ళు వణుకుతున్నాయి. రుచి తెలిసే రోజుల్లో అయితే నీళ్ళు కలిపావని మొహం మీదే చెప్పేసేవాణ్ణి, వేళ్ళు చూసేవాణ్ణే కాదు. అప్పటి నించి ఇదో సరదా అయిపోయింది. ఇవాళ చుక్క నా నోట్లో పడితే గుటక నీ గొంతులో పడింది. ఇంక రుచి చూడ్డానికేముంది?"

లాజరు కళ్ళలో నీళ్ళు తిరిగాయి. దొరబాబు గారు చప్పున మొహం తిప్పుకున్నారు.

"ఏడవకు. ఇంకోసారి ఆ డబ్బాలో తవుడు నూనె పోశావంటే, రుచి నువ్వే చూద్దువు గాని. చెంచాతో కాదు, చెంబుతో. ఇంకోమాట. ఈ నాలుక సంగతి పాపాయమ్మకి తెలియకూడదు."

"అమ్మగారికి తెలియదాండీ?"

"ఎలా చెప్తానోయ్? పెళ్ళైన నాటి నించీ ఆవిడ వండి 'ఎలా ఉందండీ?' అంటుంది, నేను తిని చెప్తాను. మా కాపురమంతా నడిచింది ఆ ఒక్క ప్రశ్న మీదే. నాకేమీ తెలియట్లేదే అన్నాననుకో, ఇంక ఆవిడ గరిటె ముట్టుకుంటుందా? అందుకని చెప్తూనే ఉన్నాను. వంకాయ అయితే లేతగా ఉందంటాను, పులుసైతే చింతపండు ఒక పిసరు తగ్గిందంటాను. అన్నీ బాగున్నాయంటే అనుమానమొస్తుంది కదా!"

అబ్బులు గొట్టంతో వచ్చాడు. కోసిన ముక్కుకి కొత్త గొట్టం ఎక్కించి, స్క్రూతో బిగుసుకునే క్లిప్పులు వేసి గట్టిగా బిగించాడు. జాకీలతో ముందు చక్రాలు లేపి, తిరిగి వచ్చే నూనె బకెట్టులో పడేలా పెట్టి, రాజమండ్రి నుంచి తెప్పించిన ఎర్ర నూనె పోస్తూ ఉంటే, లాజరు ఈ చివర నుంచి ఆ చివరకి స్టీరింగు తిప్పుతూ ఉన్నాడు. మొదట నురగ వచ్చింది, తరవాత గంజిలాంటిది వచ్చింది. మెల్లగా ఎరుపు తిరిగింది. దొరబాబు గారు మధ్యమధ్య వెండి చెంచా ముంచి, నాలుక దాకా తీసుకెళ్ళి, "ఇంకా రావాలి," అనేవారు. కన్ను మాత్రం అబ్బులు మొహం మీద ఉండేది. అబ్బులు పెదవి విరిస్తే ఇంకా రావాలి. అబ్బులు నడుం విరుచుకుని నవ్వాక, "ఆఁ, ఇదీ జపాను!" అన్నారు.

పెళ్ళినాటి సాయంత్రం బ్యాండు మోగుతుండగా కారు కదిలింది. పైకప్పు మడిచి, బంతిపూలు కట్టి, పట్టుబట్టల్లో మణిదీప్‌ని కూర్చోబెట్టి లాజరు చిటికెనవేలితో చక్రం తిప్పాడు. కాలవ వంతెన దగ్గర పెద్ద లారీ పట్టని మలుపులో కారు పాములా జారిపోయింది. ఊరంతా పెళ్ళికొడుకుని చూస్తుంటే జగన్నాథరావు గారు మాత్రం కారు వెనకాల నడుం వంచి, నేల మీద చుక్క పడుతుందేమోనని రోడ్డు వెతుక్కుంటూ నడిచారు. "అంత ఆస్తి ఉండి అల్లుడి వెనక ఎంత వినయమండీ!" అని మగపెళ్ళివారు మురిసిపోయారు. మండపం దాకా ఒక్క చుక్క పడలేదు. జగన్నాథరావు గారు నడుం నిటారు చేసి, ఎదుట ఉన్నవాడి భుజం తట్టారు. ఎదుట ఉన్నవాడు లాజరు. "ఈ కారు నీ చేతిలో తప్ప ఇంకెవడి చేతిలోనూ ఉండకూడదయ్యా," అన్నారు. మేనేజరు బావమరిది ఆ నెలలోనే భీమవరంలో ఐసు ఫ్యాక్టరీలో చేరాడని వినికిడి.

పెళ్ళి హడావుడి తగ్గాక లాజరు తాపేశ్వరం నుంచి కాజాల పొట్లం పట్టుకుని దొరబాబు గారింటికి వెళ్ళాడు. పాపాయమ్మ గారు రెండు గ్లాసులతో కాఫీ తెచ్చి ఇద్దరి ముందూ పెట్టి లోపలికి వెళ్ళారు. లాజరు ఒక గుక్క తాగాడు. కాకరకాయ రసంలా ఉంది. మింగలేక, ఉమ్మలేక, దొరబాబు గారి వైపు చూశాడు. ఆయన తీరిగ్గా చప్పరిస్తున్నారు.

"పాపాయీ! ఇవాళ పంచదార సరిగ్గా సరిపోయింది. నిన్న ఒక పిసరు ఎక్కువైంది సుమా."

లోపల గిన్నె కింద పడిన చప్పుడైంది. పాపాయమ్మ గారు గుమ్మంలోకి వచ్చి రెండు గ్లాసుల వైపూ చూసి నుదురు కొట్టుకున్నారు. అంతలో వీధిలో ఎవరో ధాన్యం రైతు పిలిస్తే దొరబాబు గారు తన గ్లాసు ఖాళీ చేసి లేచి వెళ్ళారు.

"గ్లాసులు మారిపోయాయి నాయనా," అన్నారావిడ గొంతు తగ్గించి. "ఆయనకి షుగరు. డాక్టరు మానమన్న నాటి నించీ ఒక్క పలుకు వేయట్లేదు. రోజూ ఇలాగే, ఇవాళ సరిపోయింది, నిన్న ఎక్కువైంది అంటారు."

లాజరు తెల్లబోయాడు. "అయితే మీకు తెలుసాండీ?"

"ఆసుపత్రి నించి వచ్చిన వారానికే తెలిసింది. తొందరలో చారులో ఉప్పు బదులు పంచదార వేశాను. రెండోసారి పోయించుకుని, ఉప్పు ఒక పిసరు తగ్గించమన్నారు." ఆవిడ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వారు. "నాకు తెలుసని తెలిస్తే ఇంకేం చెప్తారయ్యా ఆయన? రోజుకో కొత్త అబద్ధం, ఎంత శ్రద్ధగా అల్లుతారో! అది వినడానికే వండుతున్నాను. నువ్వు చెప్పకేం."

దొరబాబు గారు వీధిలోంచి తిరిగొచ్చి, ఇంకా నిండుగా ఉన్న లాజరు గ్లాసు చూశారు.

"ఏమోయ్, మా ఆవిడ కాఫీ నచ్చలేదా?"

లాజరు ఆయన్ని చూశాడు, గుమ్మంలో నిలబడ్డ ఆవిణ్ణి చూశాడు. గ్లాసెత్తి, ఆ చేదంతా ఒక్క గుక్కలో తాగేసి, మూతి తుడుచుకున్నాడు.

"అమృతమండి. కాకపోతే, పంచదార ఒక పిసరు ఎక్కువైందండి."